క్లోజప్‌లో ఉత్తరం

చరిత్రకారులు రాజ్యాల ఉత్థానపతనాల మీద పెట్టిన శ్రద్ధలో వందో వంతు కాగితపు మడతల మీద పెట్టి ఉంటే, మానవ స్వభావం ఈపాటికి మనకు పూర్తిగా అర్థమై ఉండేది. కోపంలో ఉన్నవాడు కాగితాన్ని నలుపుతాడు. ప్రేమలో ఉన్నవాడు చుడతాడు, విప్పుతాడు, మళ్ళీ చుడతాడు. గుమాస్తా సగానికి మడిచి అంచును గోటితో నొక్కుతాడు. తన మనసులో ఏముందో ఎదుటివాడికి అంతుచిక్కకూడదనుకున్న స్త్రీ ఒక్కతే అంచుకు అంచు కలిపి, తొందర లేకుండా, నాలుగు మడతలు పెడుతుంది.

అటువంటి మడత ఒకదాని చుట్టూ తిరుగుతున్న మన కథ పోయిన వారం సినిమా స్టూడియో గుమ్మం దగ్గర ఆగింది. చంకలో చెక్కపెట్టెతో వారం రోజులుగా అక్కడే నిలబడిపోయిన పెట్టె బాబాయికి ముందుగా క్షమాపణ చెప్పుకుని, ఆయన్ని లోపలికి తీసుకువెళదాం. అరవై దాటిన మోకాళ్ళు, ఎక్కువసేపు నిలబెట్టకూడదు.

నిన్నగాక మొన్న ఈ కథలో అడుగుపెట్టినవారికి నాలుగు మాటలు. ‘మడత’ అనే నాటకం ఇరవై ఆరేళ్ళుగా ఆడుతోంది. భర్త చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచిపోయిన పదకొండేళ్ళకు ఒక ఇల్లాలికి ఉత్తరం వస్తుంది. సాయంత్రం వేళ కిటికీ పక్కన నిలబడి ఆమె దాన్ని చదువుతుంది. మడుస్తుంది. చిన్నగా నవ్వి పెట్టెలో పెడుతుంది. కిటికీ మూస్తుంది. చీకటి. తెర. ఉత్తరంలో ఏముందో నాటకం చెప్పదు.

చెప్పకపోవడం వల్ల లోకానికి ఎంత పని దొరికిందో వర్ణించనలవి కాదు. ఆ నవ్వు క్షమ అని ఒక వర్గం, వీడ్కోలు అని మరో వర్గం. స్వయానా బావా బావమరుదులు ఇద్దరు దాని మీద మాటా మాటా అనుకుని మూడేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఒక ఆచార్యులవారు ఆమె కిటికీ ఎడమ రెక్కనే ముందు మూయడంలోని అంతరార్థాన్ని వివరిస్తూ నాలుగువందల పేజీల గ్రంథం వెలువరించారు. కుడి రెక్క బిగుసుకుపోయి కదిలేది కాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఆ పెద్ద మనసు నొప్పించడం ఎందుకని.

నాటకాన్ని రాసినవాడు, ఆడించినవాడు, సమాజానికి యజమాని, అందరికీ ‘పెద్దాయన’. ఆరేళ్ళ కిందట పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఎవరు వచ్చి ఉత్తరంలో ఏముందని అడిగినా, “మీకేమనిపించింది?” అని ఎదురు ప్రశ్న వేసేవాడు. వాళ్ళు చెప్పిందంతా ఓపికగా విని, “అబ్బ! నాకు తట్టనేలేదే!” అనేవాడు. వచ్చినవాళ్ళు పరమానందంతో వెళ్ళిపోయేవారు.

ఇప్పుడా నాటకం సినిమా అవుతోంది. రంగస్థలానికి దూరం అనే గొప్ప కాపలాదారు ఉన్నాడు. మొదటి వరసలో కూర్చున్నవాడికి కూడా ఉత్తరం కనబడుతుంది గానీ అక్షరం కనబడదు. కెమెరాకు ఆ మర్యాద తెలియదు. అది భుజం మీద నుంచి తొంగిచూసే జాతి. పైగా నిర్మాత ముందే ఖండితంగా చెప్పేశాడు: “టికెట్టు కొన్నవాడు ఇంటికెళ్ళి పెళ్ళాంతో వాదించుకుని తేల్చుకోవాలా? ఉత్తరం దగ్గరగా చూపించండి. చదువుకుని పోతాడు.”

ఇక్కడే పెట్టె బాబాయి గుండెలో రాయి పడింది.

ఎందుకంటే ఉత్తరం రాసేది ఆయన. నాటక సమాజంలో సామాన్లన్నీ చూసుకునే మనిషి ఆయనే. నాటకంలో ఉత్తరం దాచే ఆ చెక్కపెట్టె ఎప్పుడూ చంకలో ఉంటుంది గనక ఆ పేరు. రంగస్థలం మీద చదివే ఏ కాగితమైనా నిజంగా రాసినదై ఉండాలన్నది పెద్దాయన శాసనం. “తెల్లకాగితం మీద కళ్ళు నడవవురా, జారిపోతాయి” అనేవాడు. ఒక్కసారి ఖాళీ కాగితం వెళ్ళిందంటే, పంపినవాడు మర్నాటి నుంచి ఇంట్లోనే. ఇంతకుముందు ఒకాయన అలాగే వెళ్ళిపోయాడు. ప్రతి ప్రదర్శనకూ కొత్త ఉత్తరం. ఏం రాయాలయ్యా అంటే, “ఏదో ఒకటి రాయి. నాకు మాత్రం చెప్పకు” అన్నాడు పెద్దాయన.

మొదటి రెండు నెలలూ బాబాయి పత్రికల్లోంచి వాతావరణ సూచనలు ఎక్కించాడు. తరువాత ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో, “రెండో అంకంలో మీరు కుర్చీ వెనక్కి జరిపిన తీరు నిన్న చాలా బాగుంది” అని రాశాడు. ఆ సాయంత్రం, మొదటి రోజు నుంచీ ఇల్లాలి వేషం వేస్తున్న నటి నవ్వు ఎప్పటికన్నా ఒక్క రవ్వ ఎక్కువసేపు నిలిచిందని పక్కతెర చాటు నుంచి చూసిన బాబాయికి అనిపించింది. అంతే. మర్నాడు ఇంకో రెండు వాక్యాలు. ఆపైన పేజీ. ఇంట్లో చెప్పుకోలేనివి, చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ మిగలక లోపలే ఉండిపోయినవి, అన్నీ ఆ ఉత్తరాల్లోకి వెళ్ళాయి. జవాబు కోసం ఆయన ఏనాడూ తొందరపడలేదు. జవాబు రోజూ వచ్చేది, ఆమె ముఖం మీద. దిగులుగా రాసిన రోజు ఆమె కళ్ళు దించుకునేది. సరదాగా రాసిన రోజు పెదవి చివర వణికేది. ఆయన భార్య పోయిన నెలకు రాసిన ఉత్తరాన్నయితే, ఆమె పెట్టెలో పెట్టకుండా గుండెకు హత్తుకుంది. ఆ ఒక్క జవాబు మీద బాబాయి పదకొండేళ్ళు బతికాడు.

దీన్ని గురించి బయట ఇద్దరూ పల్లెత్తు మాట అనుకోలేదు. ఆమె ఆయన కన్నా ఏడాది పెద్ద. అయినా అందరితోపాటు ఆయన్ని ‘బాబాయి గారూ’ అనేది. ఆయన ‘అమ్మగారూ’ అనేవాడు. అలా ఒకరినొకరు తమ పైతరంలో కూర్చోబెట్టి, ఇరవై ఆరేళ్ళు ఎంతో గౌరవంగా గడిపారు.

ఇప్పుడు ఆ ఉత్తరాన్ని ఊరంత తెర మీద, అరటికాయంత అక్షరాలతో, ముక్కూమొహం తెలియని జనం చదవబోతున్నారు. మూడు రోజులు కలం పట్టుకుని కూర్చున్న బాబాయి, ఈ పొద్దున బయలుదేరే ముందు మాత్రమే రాయగలిగాడు.

స్టూడియో లోపల నాటకంలోని గదినే అచ్చు దించారు. దర్శకుడు ముప్పై ఏళ్ళవాడు, బక్కపలచటి మనిషి. పదేళ్ళ వయసులో అమ్మమ్మతో కలిసి ‘మడత’ చూసి, ఆ రాత్రి జ్వరం తెచ్చుకున్నవాడు. ఇవాళ నిర్మాతకు చూపించడానికి ఆఖరి దృశ్యాన్ని మచ్చుకు తీయాలి.

“రండి బాబాయి గారూ. తెచ్చారా?”

“తెచ్చాను.”

“ఇలా ఇవ్వండి, ఒక్కసారి చూస్తాను.”

బాబాయి పెట్టెను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. “ఉత్తరం అమ్మగారి చేతికే ఇవ్వాలండీ. పద్ధతి.”

“బాబాయి గారూ, నేను దర్శకుణ్ణి.”

“పెద్దాయనా దర్శకుడేనండీ. ఆయన ఏనాడూ చూడలేదు.”

దర్శకుడు ఒక కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. “నా బాధ మీకు చెప్పుకుంటాను. దగ్గరగా చూపించమని నిర్మాత నా పీక మీద కూర్చున్నాడు. నాకేమో చూపించడం ఇష్టం లేదు. చూపించకుండా తీస్తే, దాచిపెట్టానంటారు. నాటకంలో చెప్పకపోతే లోతు, సినిమాలో చెప్పకపోతే మోసం! ఇదెక్కడి న్యాయం? కనీసం నాకైనా తెలిస్తే ధైర్యంగా దాచుకుంటాను. అందులో ఆయన తిరిగొస్తున్నాడా, రావడం లేదా?”

“ఎవరండీ?”

“భర్త!”

భర్త అనేవాడు ఒకడున్నాడని బాబాయి పాతికేళ్ళ కిందటే మరిచిపోయాడు. “ఆ సంగతి నేను రాయలేదండీ” అన్నాడు నిజాయితీగా.

“మరేం రాశారు?”

జవాబు చెప్పే అవస్థ తప్పిస్తూ ఆమె వచ్చింది. నాటకంలోని ముదురాకుపచ్చ చీర, వదులుగా వేసిన ముడి. వెలుతురులో చూస్తే వయసు తెలుస్తోంది. కిటికీ పక్కన నిలబడగానే తెలియడం మానేసింది.

“బాబాయి గారూ, మీ మోకాలు ఎలా ఉంది? నిలబడే ఉన్నారేం?”

“బాగానే ఉందండీ అమ్మగారూ.”

“బాగానే ఉంటే కుంటడమెందుకు? బాబూ, ఆయనకి ఆ కుర్చీ వేయించు.”

దర్శకుడు లేచి తన కుర్చీయే ఇచ్చాడు. “అమ్మా, ముందు మీ ముఖం తీస్తాను. తర్వాత మీ భుజం మీదుగా ఉత్తరం. రంగస్థలం మీద ఎలా చేస్తారో అలాగే చేసేయండి. వెలుతురు కూడా మీ థియేటరుదే తెప్పించాను. కిటికీ అవతల ఆ పాత దీపమే, ఆ పాత ఎర్ర రేకే. సూర్యాస్తమయం మారకూడదుగా!”

నిచ్చెన మీద ఉన్న లైట్‌మాన్ దీపం ముందు ఎర్ర రేకు బిగించి, మిగిలినవన్నీ ఆర్పేశాడు. గదంతా దానిమ్మ రంగులో మునిగింది.

ఆమె బాబాయి అందించిన కవరు తీసుకుంది. చింపింది. కాగితం విప్పింది. కళ్ళు పై వరస నుంచి కింది వరసకు నడిచాయి, ఒకచోట ఆగాయి, వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ ముందుకు. ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియని ఆ చిన్న నవ్వు పెదవి మీద వాలింది. ఆచార్యులవారు అక్కడ ఉండి ఉంటే మరో నాలుగువందల పేజీలు ఖాయం. కాగితం మడతలు పడింది. దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు.

“అద్భుతం అమ్మా! ఇప్పుడు భుజం మీదుగా.”

కెమెరా ఆమె వెనక్కి జరిగింది. ఆమె మళ్ళీ కాగితం విప్పింది. పక్కనున్న చిన్న తెర మీద ఉత్తరం క్లోజప్‌లో ప్రత్యక్షమైంది. దర్శకుడు వంగి చూశాడు. తెరను అరచేత్తో తుడిచాడు. మళ్ళీ చూశాడు.

“బాబాయి గారూ! ఖాళీ కాగితం తెచ్చారేమిటి?”

బాబాయి కుర్చీలోంచి లేచిన వేగానికి మోకాలే ఆశ్చర్యపోయి ఉండాలి. “ఖాళీయా? నాలుగు వరసలు రాశానండీ!”

“ఏదీ? ఒక్క గీత లేదు!”

ఆయన పరుగులాంటి నడకతో వచ్చి తెరలోకి చూశాడు. గులాబీరంగు తెల్లకాగితం, ఆమె బొటనవేలు, అంతే. “రాశానండీ... నా చేత్తో రాశాను... సిరా ఆరేదాకా ఊదాను కూడా...”

నిచ్చెన మీద నుంచి లైట్‌మాన్ అడిగాడు. “ఏం సిరా అయ్యా?”

“ఎర్రది. ఎప్పుడూ ఎర్రదే. నల్లదైతే కాగితం వెనక నుంచి ముందు వరసకి కనబడుతుందని పెద్దాయనే ఎర్రది వాడమన్నారు.”

“బాగా చెప్పారు. ముందు వరసకి కనబడదు. వెనక వరసకీ కనబడదు. పట్టుకున్నావిడకీ కనబడదు. ఎర్ర వెలుతుర్లో ఎర్ర గీత ఎక్కడ కనబడుద్ది సామీ? బళ్ళో చెప్పలా?”

ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. బాబాయి నవ్వలేదు. ఆయన లెక్కవేసుకుంటున్నాడు. రిహార్సల్సులో ఉత్తరం బదులు చేతిరుమాలు. ప్రదర్శనలో ఎర్ర సూర్యాస్తమయం. చదవగానే కాగితం పెట్టెలోకి. కిటికీ మూయగానే చీకటి. చీకట్లోనే పెట్టె తన చేతికి. ఇరవై ఆరేళ్ళలో ఆ ఉత్తరాల్లో ఒక్కటి కూడా, ఒక్క క్షణం కూడా, ఆమె చేతిలో ఉండగా తెల్లటి వెలుతురు చూడలేదు.

“అమ్మగారూ,” అన్నాడు నెమ్మదిగా, “మీకు... ఎప్పుడూ...”

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది, అప్పుడే పుట్టిన వస్తువును చూసినట్టు. “మీరు రాసేవారా?”

“రోజూ రాసేవాణ్ణండీ.”

“అయ్యో రామ!” అంటూ ఆమె కిటికీ గట్టు మీద కూలబడింది. “బాబాయి గారూ, మీరు ఒక్కరోజు కూడా రాయలేదని కదా నేననుకున్నాను! మొదటిరోజు కాగితం విప్పేసరికి తెల్లగా ఉంది. గుండె ఆగినంత పనైంది. మర్నాడూ తెల్లగానే ఉంది. పెద్దాయనకి చెబితే మిమ్మల్ని ఉన్నపళంగా పంపించేస్తాడు. చంటిపిల్లల తండ్రి, ఏం అవస్థలో ఉన్నాడో, రేపు రాస్తాడులే అని ఊరుకున్నాను.”

“ఇరవై ఆరేళ్ళా!” అన్నాడు దర్శకుడు.

“అలవాటైపోయింది నాయనా. విప్పగానే, ‘ఇవాళా ఎగ్గొట్టాడు మహానుభావుడు’ అని నవ్వొచ్చేది. పోనీలే పాపం అని మడిచేసేదాన్ని. మీకు మాట వస్తుందని, కళ్ళు మాత్రం బుద్ధిగా వరసల మీద నడిపించేదాన్ని.”

దర్శకుడికి కూర్చోవాలనిపించింది, కుర్చీ ఇచ్చేశానన్న సంగతి మరిచి, నేల మీద చతికిలబడ్డాడు. రెండు వర్గాలు, నాలుగువందల పేజీలు, ఒక బావమరిది, తన పదేళ్ళ నాటి జ్వరం, అన్నీ ఆయన కళ్ళ ముందు వరసగా నడిచి వెళ్ళాయి. ఆ నవ్వు క్షమే. ఆ వర్గం గెలిచింది. కానీ ఆమె క్షమించింది భర్తను కాదు, సామాన్లు చూసుకునే మనిషిని.

“పెద్దాయన ఈ సంగతి తెలిసే ఎర్ర సిరా వాడమన్నాడంటారా?” అన్నాడు నేల మీద నుంచే.

“ఉంటే అడిగేదాన్ని,” అంది ఆమె. “నీకేమనిపిస్తోందని నిన్నే అడిగేవాడు.”

బాబాయి ఈ మాటలేవీ వినడం లేదు. ఆయన ఒక్క ప్రశ్న దగ్గరే ఇరుక్కుపోయాడు. అడిగితే పదకొండేళ్ళు పోతాయని తెలుసు. అయినా అడిగాడు.

“ఒక్కరోజు మటుకు... పదకొండేళ్ళ కిందట... మీరు ఉత్తరం గుండెకి హత్తుకున్నారు. పెట్టెలో పెట్టలేదు.”

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, గుర్తొచ్చి విప్పుకున్నాయి. “ఓ, అదా? ఆ రోజు పెట్టె గొళ్ళెం మీరు తీయడం మరిచిపోయారు. మూత రాలేదు. ఎక్కడ పెట్టుకోను మరి?”

బాబాయి తలూపాడు. చాలా మర్యాదగా, దారి చెప్పినవారికి తలూపినట్టు. ఆచార్యులవారు ఒక్కసారి చూసి నాలుగువందల పేజీలు రాస్తే, ఈయన వేలకొద్దీ ప్రదర్శనలు చూసి, ఒక్క పేజీ కూడా అచ్చువేయకుండా, అంతకన్నా పెద్ద గ్రంథం గుండెలో రాసుకున్నాడు. ఇప్పుడది మొత్తం వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఆమె ఆయన ముఖాన్నే చూస్తోంది. ఇంతమంది చేత తన ముఖం చదివించుకున్న మనిషికి ఒకరి ముఖం చదవడం రాకుండా పోతుందా?

“ఆ రోజు ఏం రాశారు బాబాయి గారూ?”

“ఏం లేదండీ.”

“ఏం లేకపోతే గొళ్ళెం ఎందుకు మరిచిపోయారు?”

ఆయన పెట్టె అంచును బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. “మా ఆవిడ పోయి నెలైనా... పొద్దున్నే టీ రెండు గ్లాసుల్లోనే పోస్తున్నానని. రెండోది ఏం చేయాలో తెలియక మళ్ళీ గిన్నెలో పోసేస్తున్నానని. అంతేనండీ.”

లైట్‌మాన్ నిచ్చెన మీద టోపీ తీశాడు; ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు.

“ఇలాంటివే రాసేవారా రోజూ? నాకా?”

“కాదు, కొన్ని కుర్చీ గురించి కూడా ఉండేవండీ.”

ఆమె నవ్వబోయి ఆగింది. “మరి నేను ఏం జవాబు చెబుతున్నాననుకున్నారు ఇన్నేళ్ళూ?”

“రోజూ ఏదో ఒకటి చెప్పేవారు అమ్మగారూ,” అన్నాడు బాబాయి. “బాగానే చెప్పేవారు.”

అప్పుడామె లేచింది. “ఆ పాతవి ఉన్నాయా? పారేశారా?”

“ఇంట్లో ట్రంకులో ఉన్నాయి.”

“సరే. అవి తర్వాత. ముందు ఇది.” చేతిలోని కాగితాన్ని సరిచేసుకుంది. “లైట్లు వేయండ్రా!” అని దర్శకుడు కేకవేయబోతే చెయ్యెత్తి వారించింది. “వద్దు నాయనా. అందరి ముందూ వద్దు. ఇది నా పేరు మీద వచ్చిన ఉత్తరం. బయట ఎండలో చదువుకుంటాను.”

“అమ్మగారూ, అది మటుకు వద్దండీ!” బాబాయి అడ్డం వచ్చాడు. “పాతవి తెచ్చిస్తాను. ఇప్పుడే వెళ్ళి తెస్తాను. ఆటోలో వెళ్తాను. అది చదవకండి.”

“ఎందుకు చదవకూడదు? ఇరవై ఆరేళ్ళకి నాకొచ్చిన మొదటి ఉత్తరం!”

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కేబుళ్ళు దాటుకుంటూ వెళ్ళి, స్టూడియో పెద్ద తలుపును భుజంతో నెట్టింది. పదకొండు గంటల ఎండ బారెడు మేర లోపలికి పరుచుకుంది. ఆ వెలుగులో నిలబడి, ఏ నాటకంలోనూ లేని తొందరతో కాగితం విప్పింది. ఎర్ర అక్షరాలు నిప్పుకణికల్లా పైకి లేచాయి.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. లోకమంతా చదివే ఉత్తరం కదా అని, మూడు రోజులు ఆలోచించి, జీవితంలో మొట్టమొదటిసారి ఆయన జాగ్రత్తపడ్డాడు. ఆ కాగితం మీద ఇలా ఉంది: “కిటికీ తెరలు రెండు, ఉతికించాలి. మేకులు పావుకిలో. జిగురు డబ్బా ఒకటి, మూత గట్టిగా ఉన్నది చూసి తేవాలి.”